సంస్కారపు రొట్టె

డాక్టర్ మెహక్ నా రక్తపరీక్ష రిపోర్టు బల్ల మీద పరిచి, కళ్లజోడు తీసి నా వంక చూసింది. నాకంటే పాతికేళ్లు చిన్నది, వన్‌టౌన్ పిల్ల. చూపు మాత్రం చిన్నప్పటి మా లెక్కల టీచరు చూపే. దాని ముందు అబద్ధం ఎక్కువసేపు నిలబడదు.

"గోధుమ మానేసి రెండు నెలలైంది. హిమోగ్లోబిన్ ఏడు దాటలేదు. జయమణి గారూ, మీరు ఏదో తింటున్నారు."

"నానేటీ తినట్లేదమ్మా," అన్నాను.

"తిన్లేదండి," అన్నారు పక్కన కూర్చున్న మా ఆయన. "సపాతీ మానీసింది. ఉప్మా మానీసింది. కొత్త సంవత్సరం కేకు కూడా ముట్టలేదు. నాను సూత్తన్నాను కదా."

మా ఆయన పేరు దయానందం. పోర్టులో క్రేన్ నడుపుతారు. మా చర్చి సంఘంలో పెద్ద. ఆయన సాక్ష్యం చెప్తే ఎవరైనా నమ్ముతారు.

నా జబ్బు పేరు సీలియాక్. నాలుగేళ్లపాటు రక్తం తక్కువన్నారు, గ్యాసన్నారు, వయసన్నారు. సంచులకొద్దీ మాత్రలు మింగాను. మా స్త్రీల సమాజం వాళ్లు నాకోసం మూడుసార్లు ఉపవాస ప్రార్థన పెట్టారు. చివరికి డిసెంబరు ఆఖర్న నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే సంగతి తేలింది. గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుందట. అది కడుపులోకి వెళితే నా ఒళ్లే నా పేగుని పాడుచేసుకుంటుందట. దానికి మందు లేదు. బతికినన్నాళ్లూ గోధుమ మానెయ్యడమే మందు.

"మైదా? బొంబాయి రవ్వ? బిస్కెట్లు?" డాక్టర్ మెహక్ వదల్లేదు. "వారంలో ఒక్కసారైనా?"

నేను నేల వైపు చూశాను. "ఆదివారం..."

"ఆదివారం?"

"గుళ్లో సంస్కారం రొట్టె, ఏసు ప్రభువు పేర అందరూ తినీది. గోరంత ముక్క."

"దేంతో చేస్తారది?"

"మైదాతో."

"ఎవరు చేస్తారు?"

"నానే. ఇరవై రెండేళ్ల నుంచి. మామూలప్పుడు నెలకోసారి. ఇప్పుడు శ్రమకాలం, ఈస్టరు ముందు నలబై రోజుల ఉపవాసాలు కాబట్టి ప్రతి శనివారం. మా గుడికీ, ఇంకో రెండు గుళ్లకీ."

ఆ అమ్మాయి రిపోర్టు మడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మీరు పిండి కలుపుతుంటే అది గాల్లో లేస్తుంది. ముక్కులోకి, నోట్లోకి వెళుతుంది. మీ అన్నం గిన్నె మీద పడుతుంది. పైగా ఆదివారం ముక్క. మీ విశ్వాసం గురించి నేను మాట్లాడకూడదు. కానీ మీ పేగుకి ఏ రొట్టె ఎవరిదో తెలీదు కదమ్మా."

ప్రార్థన చేశాక అది మైదా కాదనుకున్నాను. ప్రభువు రొట్టె నాకు చెరుపు చెయ్యదనుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదని సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, చెబితే మానెయ్యమంటారని దాచాను.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. కంచరపాలెం గేటు దగ్గర బొగ్గు గూడ్సు అడ్డం వచ్చింది. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి అయిపోవచ్చేసరికి మా ఆయన ముందుకే చూస్తూ అన్నారు:

"నీ సేతిలో పెట్టింది నానే కదేటి."

మా సంఘంలో పాస్టరు అయ్యగారు ప్రార్థించి రొట్టె విరిచాక, పెద్దలు పళ్లాలు పట్టుకుని వరసల వెంట నడిచి, అందరి అరచేతుల్లో తలో ముక్కా పెడతారు. స్త్రీల వరసలు మా ఆయనవి.

"మీకు తెల్దు కదండీ," అన్నాను.

గేటు లేచింది.

*

మా అబ్బాయి బెన్సన్ అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తాడు. వారం సెలవుకి ఇంటికొచ్చి, విషయం విని, చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి నడిచాడు.

"అమ్మా, మా దగ్గర ఒక మందు తీసీసి ఇంకో మందు మొదలెట్టాలంటే లైన్ క్లియరెన్స్ అని ఉంటాది. పాత పొడి రేణువు కూడా మిగలకూడదు. ఇవాళ మనింట్లో అదే."

"మందులకీ నా వంటింటికీ పోలికేట్రా?"

"నీకు ఇదే మందు కదా."

మైదా బస్తా బయటికి పోయింది. జల్లెడ పోయింది. చెక్క గరిటెలు, రొట్టెలు ఒత్తే పీట, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం, అన్నీ వీధి అరుగెక్కాయి. పక్కింటి చిలకమ్మ వచ్చి, "ఓలమ్మ, ఇల్లు కాళీ సేత్తన్నారేటి?" అని కంగారుపడింది. పీట ఆమెకే ఇచ్చేశాను. అది మా అత్తగారిది.

బెన్సన్ అలమరాలో ప్రతి డబ్బా తీసి వెనక రాతలు చదివాడు. ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయాడు.

"ఇది సూడు."

ఇంగువ ముప్పై శాతం. మిగతాది గోధుమ పిండి.

రెండు నెలలుగా నేను పథ్యమని రోజూ వండుకుంటున్న పప్పుచారులో చిటికెడు చిటికెడుగా ఏం పడుతోందో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ మంట నాకు చాలా మేలు చేసింది. శత్రువు ఎక్కడెక్కడ దాక్కున్నాడో తెలిసిపోయాక భయం దేనికి? డబ్బా తీసి అరుగు మీదకి నేనే విసిరాను.

రొట్టె ఇక చెయ్యలేనని అయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ పని స్త్రీల సమాజం కార్యదర్శి రోజలిన్ తీసుకుంది.

ఆదివారం నా వరస దగ్గరికి పళ్లెం వచ్చింది. ఇటు పక్కావిడ అరచేతిలో ముక్క పెట్టి, అటు పక్కావిడకి పెట్టడానికి మా ఆయన నన్ను దాటుకుని వెళ్లారు. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆ పై ఆదివారం కూడా అంతే. ఆ అడుగున్నర దూరం దాటడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆయన మెడ మీద నరం చూస్తే తెలిసింది. గుళ్లో అందరూ చూశారు. పాపం చేసినవాళ్లని కొన్నాళ్లు సంస్కారానికి దూరం పెట్టడం మా సంఘంలో ఉంది. నేనేం చేశానోనని వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

ఆరాధన అయ్యాక రోజలిన్ నా చెయ్యి పట్టుకుంది. "ఒదినా, నమ్మికతో తీసుకుంటే ఏటీ అవదు. మూడుసార్లు ఉపవాసముండి ప్రార్థన సేసేం నీకోసం. అయన్నీ నీళ్లపాలేనా?"

"నీళ్లపాలేటమ్మా? జబ్బేటో తెలిసింది కదా. మీ ప్రార్థనకి జవాబు అదే అనుకుంతన్నాను."

రోజలిన్ చెయ్యి వదిలేసింది. కోపమొచ్చిందో, ఆలోచనలో పడిందో అప్పుడు నాకు తెలియలేదు.

*

ఇరవై రెండేళ్లు రొట్టె చేసినదాన్ని. మైదాతో కుదరకపోతే బియ్యప్పిండితో చేస్తాను. నేనూ తింటాను, అందరూ తింటారు. సోమవారం పొద్దున్నకల్లా ఆ నిర్ణయం నాకు స్పష్టంగా ఉంది.

మొదటి అడ్డు పిండిమర దగ్గరే వచ్చింది. కంచరపాలెం మెట్టు దగ్గర అబ్దుల్ రజాక్ గారి మరలో గోధుమలాడని రోజుండదు. ఆయన నా మాటంతా విని గడ్డం నిమురుకున్నారు.

"నీకు గోధుమ విషమైతే, నా దుకాణంలో గోడలకి కూడా జహరే అమ్మా. సూడు, ఎంత తెల్లగున్నాయో."

"మరేటి సెయ్యమంటావు భాయ్?"

ఆయన వెనక గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ గోనె కప్పి చిన్న మర ఒకటి పడుంది. చాలా ఏళ్లుగా వాడనిది. "దీనికి కొత్త రాళ్లు ఏత్తాను. ఇకమీదట ఇందులో బియ్యం తప్ప ఏదీ ఆడించను. ఇప్పుడు మాకు రంజాన్, తెల్లారకముందే సహరీ తినడానికి ఎలాగూ లేచుంటాం. ఫజర్ నమాజ్ అయ్యాక నువ్వు వొచ్చీ. పెద్ద మర స్టార్ట్ చెయ్యక ముందే నీది అయిపోద్ది."

అన్నట్టే చేశారు. ముందు రెండు కేజీల నూకలు ఆడించి, ఆ పిండి కోళ్లకి పక్కన పెట్టి, తర్వాతే నా బియ్యం పోశారు. ఆయన ఉపవాసంలో ఆయన, నా ఉపవాసంలో నేను. ఇద్దరం మంచినీళ్లు కూడా తాగకుండా ఆ వెచ్చటి పిండి వాసన పీలుస్తూ నిలబడ్డాం.

పిండి దొరికింది గానీ రొట్టె దొరకలేదు. మొదటిది రాయిలా వచ్చింది. రెండోది ఇసకలా రాలిపోయింది. ఇక్కడే ఉంది చిక్కు. సంస్కారపు రొట్టె రుచిగా లేకపోయినా పరవాలేదు, రాలకూడదు. విరిస్తే విరగాలి, పొడి కాకూడదు. ఆ పొడి కింద పడితే జనం కాళ్ల కింద పడుతుంది. దానికి ఏ సంఘమూ ఒప్పుకోదు. గోధుమలో సాగే గుణమే నా పేగుకి చెరుపు. ఆ గుణం లేకపోతే రొట్టె నిలవదు.

నాలుగో రోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మా పెళ్లయి ముప్పై ఏళ్లు. మంచినీళ్లకి తప్ప ఆయన ఆ గుమ్మం దాటడం నేనెరగను.

"ఇసబ్‌గోల్ ఏసి సూడు," అన్నారు.

"ఏటీ?"

"పొద్దున్న నీళ్లలో కలుపుకుంతాను కదా. నిమిషం ఆలీసమైతే జిగురైపోయి గ్లాసు వొదల్దు. ఆ జిగురేదో రొట్టెలో ఉంటే..."

నాకు నవ్వాగలేదు. నవ్వు సగంలో ఆగి, ఆ మాటలో పస ఉందనిపించింది. మరిగే నీళ్లతో బియ్యప్పిండి ఉక్కబెట్టి, గుప్పెడు జొన్నపిండీ, మూడు చెంచాల ఇసబ్‌గోలూ, కాస్త కొబ్బరిపాలూ కలిపి అరగంట నాననిచ్చాను. జొన్నలు కూడా ఇంట్లో మిక్సీలో పట్టినవే. పిండి ముద్ద కట్టింది. పలచగా ఒత్తి పెనం మీద కాల్చి, పొంగిన తర్వాత దింపాను.

ఆయన నేల మీద నల్ల దుప్పటి పరిచారు. దాని మీద బాసింపట్టు వేసుకుని, గుళ్లో విరిచినట్టే రొట్టె విరిచారు. ముక్క. ముక్క. ముక్క. తర్వాత కళ్లజోడు పెట్టుకుని దుప్పటి మీద వేలితో తడిమారు.

"తొమ్మిది రేణువులు," అన్నారు.

"మైదా రొట్టెకి?"

"మూడో నాలుగో ఉంతాయి. ఇంకాస్త నాననీ."

వారం రోజులు సాయంత్రాలు మాకు అదే పని. తొమ్మిది ఆరయ్యాయి, ఆరు నాలుగయ్యాయి. ఆ వారంలో మేము మాట్లాడుకున్నంత ఆ ముందు పదేళ్లలో మాట్లాడుకోలేదు. ఓ సాయంత్రం ఆయన పిండి ముద్ద పిసుకుతూ, తలెత్తకుండా అన్నారు. "జయా, అన్నాళ్లు నీ సేతిలో పెట్టేను. పెట్టీటప్పుడల్లా నీ కోసమే ప్రార్థన సేసీవోణ్ణి."

"తెలుసండి," అన్నాను. "ఇంకాస్త గట్టిగా పిసకండి."

*

మట్టల ఆదివారానికి ముందు ఆదివారం, ఈస్టరు ఇంకా రెండు వారాలుందనగా, ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. నేనడిగింది ఒక్కటే. పవిత్ర గురువారం సంస్కారానికి రొట్టె నేనే చేస్తాను, బియ్యప్పిండితో, అందరికీ.

సంఘంలో అందరికంటే పెద్ద తాతబాబు గారికి ఎనభై దాటాయి. చేతికర్ర నేలకి ఆనించి అన్నారు. "మా నాయన నాటి నుంచి గోధుమ రొట్టే. ఒక్క మనిసి కోసం సంఘమంతా మారాలా?"

రోజలిన్ తలవంచుకుని ఉంది. అయ్యగారు మంచివారు, ఎవరినీ నొప్పించరు. "మధ్యేమార్గం ఒకటుంది," అన్నారు. "సంఘానికి మామూలు రొట్టె ఉంచుదాం. జయమణమ్మ గారికి బియ్యపు రొట్టె ముక్క విడిగా, ఒక చిన్న ప్లేటులో పెట్టి ఇద్దాం. అందరికీ బాగుంటుంది."

అందరి ముఖాలూ తేలికపడ్డాయి. మా ఆయన నోరు తెరవబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టి లేచాను.

"వేరే ప్లేటొద్దయ్యగారూ."

"ఎందుకమ్మా? దాన్లో తప్పేముంది?"

"మీరు మంచికే సెప్పేరు. మా యమ్మ ఊళ్లో టీకొట్టుకెల్తే, ఆవిడకి సూరుకి కట్టిన వేరే గ్లాసుండీది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించి రావాలి. ఆ గ్లాసొద్దనుకునే మావోళ్లు ఈ ప్రభువు బల్ల కాడికొచ్చేరు. ఇంట్లో నాకు వేరే గిన్నె, నాకేటి బాధ లేదు. పెళ్లిళ్లకి నా డబ్బా నాను పట్టుకెల్తాను, అదీ బాధ లేదు. ఇక్కడ మాత్రం అందరికీ వొచ్చిన పళ్లెంలోదే నాకు కావాలి. లేపోతే వొద్దు. ఊరికే కూకుని ఎల్లిపోతాను. గుడి మాత్రం మానను."

తాతబాబు గారు చాలాసేపు తన కర్ర వంకే చూస్తూ ఉండిపోయారు. ఆయన నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. ఆ గ్లాసుల సంగతి నేను అమ్మ నోట విన్నాను. ఆయన వాటిని చేత్తో పట్టుకున్నారు.

చివరికి గొంతు సవరించుకున్నారు.

"పొడి రాల్దు కదా?" అని అడిగారు.

"నాలుగు రేణువులండి," అన్నారు మా ఆయన, పరీక్ష పాసైన కుర్రాడిలా. "నాను లెక్కెట్టేను."

*

గురువారం సాయంత్రం గుడి నిండింది. అయ్యగారు రొట్టె పైకెత్తి విరిచారు. అది చిన్న చప్పుడుతో శుభ్రంగా రెండైంది. మా ఆయన పళ్లెం పట్టుకుని స్త్రీల వరసల్లోకి వచ్చారు. మెల్లగా నడిచారు, ఎప్పుడూ నడిచేలాగే. నా దగ్గరికొచ్చి ఆగారు. ముక్క నా అరచేతిలో పెట్టి, ఒక్క క్షణం తన వేళ్లు అక్కడే ఉంచి, పక్కావిడ దగ్గరికి జరిగారు. నేను కళ్లు మూసుకుని తిన్నాను.

బయటికొచ్చాక రోజలిన్ నా పక్కకి చేరింది. "కూసింత గట్టిగుందొదినా."

"పైసారి మెత్తగా సేత్తాను."

"నాక్కూడా నేర్పీ. నీకు ఒంట్లో బాగోని రోజు ఎవులు సేత్తారు?" అంది. ఆగి, చిన్న గొంతుతో, "నాను నిన్ను నమ్మిక లేనిదాన్ని అనీసేను," అంది.

"అనలేదమ్మా. సెయ్యి పట్టుకున్నావు, అంతే."

రోజలిన్ పట్టిందంటే వదలదు. ఈస్టరుకి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు వంట బాధ్యత మా ఇద్దరిదే. మర్నాడు గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక, ఎవరికి ఏ తిండి పడదో చేతులెత్తమంది. ముందు నేనొక్కదాన్నే ఎత్తాను. తర్వాత ఓ తల్లి లేచి, తన కూతురికి వేరుశెనగ తింటే గొంతు వాచిపోతుందని, అందుకే ఏ విందుకీ తీసుకురావడం లేదని చెప్పింది. ఆ వెనక ఒకరు పాలు, ఒకరు గుడ్లు. పోర్టులో మా ఆయనతో పనిచేసే సూరన్న కూడా లేచాడు. రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయట. ఇష్టం లేదని చెప్పి ఇన్నేళ్లూ తప్పించుకున్నాడట.

"నువ్వేట్రా బావా, నాతో కూడా సెప్పలేదు!" అన్నారు మా ఆయన.

"ఇశాపట్నంలో పుట్టి రొయ్యలు పడవంటే నవ్వుతారని బావా," అన్నాడు సూరన్న. నిజంగానే అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పదకొండు చేతులయ్యాయి.

ఈస్టరు ఆదివారం గుడి ఆవరణలో షామియానా వేశాం. అన్నం, కోడికూర, వంకాయ కూర, పప్పుచారు. సేమ్యా బదులు సగ్గుబియ్యం పాయసం, కొబ్బరిపాలతో. రొయ్యలు లేవు, వేరుశెనగ లేదు, గోధుమ రేణువు లేదు. బెన్సన్ పొద్దున్నే వచ్చి ప్రతి సరుకు మీదా రాతలు చదివాడు. మా ఆయన గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర కాపలా నిలబడ్డారు. ఎవరో ఇంటి నుంచి రుచికని తెచ్చిన మసాలా పొట్లం పప్పుచారులో వెయ్యబోతే, క్రేను కొక్కెంలా ఆయన చెయ్యి మధ్యలో దిగింది. "అదేటి? ఎక్కడిది? పేకెట్టు మీద ఏటి రాసుంది?" ఆ మనిషి పొట్లం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మట్టల ఆదివారం మర్నాడు చేయించిన పరీక్షలో నా హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరకి వచ్చింది. డాక్టర్ మెహక్ ఇంకా చాలా దూరం ఉందంది. పేగు పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చంది. పట్టనీ. దారి తెలిసింది కాబట్టి నడుస్తాను.

వడ్డన సగమయ్యాక నన్ను బలవంతంగా కూర్చోబెట్టారు. పొడుగాటి వరసలో ఒక పక్క చిలకమ్మ, ఎదురుగా తాతబాబు గారు, కాస్త దూరంలో తొలిసారి విందుకొచ్చిన ఆ వేరుశెనగ పాప. నా డబ్బా ఇంటి దగ్గరే ఉంది. ఆకులో ఏం పడుతోందో నేను చూసుకోలేదు. అన్నం కలిపాను, తిన్నాను. చుట్టూ మాటల్లో పడి ఎంత తిన్నానో గమనించలేదు. చూసుకునేసరికి ఆకు ఖాళీ.

మా ఆయన కూర బకెట్టు పట్టుకుని వరస వెంట వస్తున్నారు. నా ముందు ఆగి, ఆకు వంక చూసి, నా వంక చూశారు. నాలుగేళ్లుగా రెండు ముద్దలకే చాలనేదాన్ని.

"ఇంకా ఎయ్యమంటావేటి?" అన్నారు, నమ్మలేనట్టు.

"ఎయ్యండి," అన్నాను. "ఆకలేత్తంది."